నిద్ర పట్టనివారు మాత్ర అడగడానికి ముందు చేసి చూడవలసిన పని

ఒంగోలులోని మా మందుల షాపుకు రాత్రి తొమ్మిది దాటాక చీటీ లేకుండా వచ్చేవారిలో చాలామంది అడిగేది ఒక్కటే. పక్కనున్నవారికి వినపడకుండా కొంచెం ముందుకు వంగి, "అన్నా, నిద్ర పట్టేదానికి ఏదన్నా ఒక బిళ్ళ ఇవ్వు" అంటారు. ఆల్ప్రజోలం, జోల్పిడెం వంటి మాత్రలు 2014 మార్చి 1 నుంచి అమలులో ఉన్న హెచ్1 షెడ్యూలు అనే మందుల జాబితా కిందికి వస్తాయి. వైద్యుని చీటీ లేకుండా వాటిని ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య వేరే రిజిస్టరులో రాసి, దానిని మూడేళ్లు దాచాలి. ఈ సంగతి చెప్పగానే అడిగినవారు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. వారిని ఆపి అరగంట మాట్లాడడానికి కౌంటరు దగ్గర వీలు కాదు కనుక, ప్రతిసారీ మొదలుపెట్టి సగంలో వదిలేసే మాటలను ఇక్కడ చివరిదాకా రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టును, వైద్యుణ్ణి కాను. కింద చెప్పిన పద్ధతి నా కల్పన కాదు. నిద్ర పట్టనప్పుడు పక్క దిగాలన్న నియమాలను 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించాడు. పక్క మీద గడిపే సమయాన్ని కుదించే చికిత్సను 1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు ప్రచురించారు. ఈ రెండూ కలిసి, నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్సకు సీబీటీ-ఐ అని పేరు. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ మాత్రల కంటే ముందు ఇదే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది.

శాస్త్రం ఇంతకు మించి అక్కరలేదు గాని, ఒక్క విషయం తెలియకపోతే కింది మెట్లు శిక్షలాగా కనిపిస్తాయి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో నిద్ర ఆకలి పెరుగుతూ ఉంటుంది. నిద్ర చాలలేదని మనం రాత్రి ఎనిమిదిన్నరకే నడుం వాల్చి, పొద్దున ఏడు దాకా పొర్లి, మధ్యాహ్నం మరో కునుకు తీస్తే, ఆ ఆకలి పూర్తిగా పెరగకముందే చిల్లర తిండితో చంపుకున్నట్టవుతుంది. ఐదున్నర గంటల నిద్రను తొమ్మిది గంటల పక్క మీద పరిస్తే, నీళ్లు ఎక్కువ పోసిన మజ్జిగలాగా పలుచబడుతుంది. కనుక కోల్పోయిన నిద్రను పక్క మీద వెతకడం మానేసి, పక్క మీద గడిపే సమయాన్నే తగ్గించాలి. వినడానికి ఇది తలకిందుల వ్యవహారంలా ఉంటుందని నాకు తెలుసు.

ఎవరు చేయవచ్చు, ఎవరు చేయకూడదు

వారంలో మూడు రాత్రులైనా నిద్ర పట్టకపోవడమో, మధ్యలో తెలివి వచ్చి మళ్ళీ పట్టకపోవడమో, తెల్లవారకముందే మెలకువ రావడమో మూడు నెలలుగా జరుగుతూ, దానివల్ల పగటి పని చెడిపోతూ ఉంటే ఈ పద్ధతి మీ కోసమే. ఇంట్లో ఒక చావో, అప్పుల తగాదానో జరిగి పది రోజులుగా నిద్ర లేకపోతే అది సహజం. అప్పుడు కింది 3వ, 5వ మెట్లు మాత్రం పాటిస్తే చాలు.

కింది వారు వైద్యుణ్ణి కలవకుండా 4వ మెట్టు జోలికి వెళ్ళకూడదు: మూర్ఛ వ్యాధి ఉన్నవారు, కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు ఉన్నవారు, నిద్రలో లేచి నడిచేవారు, గర్భిణులు, జాతీయ రహదారి మీద లారీలు, బస్సులు నడిపేవారు, చీమకుర్తి క్వారీలలో క్రేన్లు, రాయి కోసే యంత్రాల దగ్గర పని చేసేవారు. మొదటి రెండు వారాలు పగటి పూట మత్తు తప్పదు గనుక, ఆ మత్తుతో చక్రం పట్టుకోవడం ప్రాణాంతకం.

మరి కొందరి సమస్య అసలు నిద్రలేమి కాదు. ఇల్లు అదిరేలా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఎగశ్వాసతో లేస్తూ, ఎన్ని గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే జోగేవారికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉండవచ్చు. వీరు నిద్రమాత్ర వేసుకుంటే శ్వాస ఇబ్బంది మరింత పెరిగే ప్రమాదం ఉంది. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో ఏదో పాకుతున్నట్టుండి, కదిపితేగాని నెమ్మదించకపోతే రక్తంలో ఇనుము నిల్వలు చూపించుకోవాలి. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచేవారు షుగరు పరీక్ష చేయించుకోవాలి. బతుకు మీద విసుగు పుట్టి చనిపోవాలన్న తలంపులు వస్తుంటే ఈ వ్యాసాన్ని ఇక్కడే ఆపి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

కావలసినవి

ఒక రూళ్ల నోటు పుస్తకం, పెన్ను, పాతకాలపు అలారం గడియారం, వీపు ఆనించి కూర్చోగల కుర్చీ, చిన్న వెలుతురు ఇచ్చే బల్బు, చిరుగులు లేని దోమతెర. వీటిలో డబ్బు పెట్టి కొనవలసింది గడియారం ఒక్కటే కావచ్చు. ఫోనులో అలారం ఉంది కదా అంటారు. ఫోను పక్క దగ్గరికి వచ్చిందంటే అలారం కోసం తీసిన చెయ్యి ఎక్కడెక్కడికో పోతుంది. దానిని హాలులోనే ఛార్జింగుకు పెట్టండి.

1. ఒక వారం లెక్క రాయండి

ఈ వారం ఏమీ మార్చవద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. రోజూ పొద్దున లేచిన అరగంటలోపు ఆరు అంకెలు వేయాలి: పక్క ఎక్కిన వేళ, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, మధ్యలో మెలకువగా ఉన్న మొత్తం సమయం, చివరిసారి మెలకువ వచ్చిన వేళ, పక్క దిగిన వేళ, పగటి కునుకు. పక్కన కాఫీ, టీలు ఎన్ని, ఆఖరిది ఎప్పుడు అన్నది కూడా రాయండి.

ఇవన్నీ అంచనాగానే వేయాలి. రాత్రి లేచి గడియారం చూసి రాసేవారు నిద్రను తామే చెడగొట్టుకుంటారు. "రెండున్నర అయింది, ఇంకా మూడు గంటలే ఉంది" అన్న లెక్క మనసులో మొదలైతే ఆ రాత్రికి ఇక అంతే. గడియారం ముఖాన్ని గోడవైపు తిప్పి పెట్టండి.

కందుకూరు వైపునుంచి వచ్చే ఒక రిటైరైన హెడ్మాస్టరు గారి లెక్కను ఆయన అనుమతితో ఇక్కడ చూపిస్తున్నాను. మొదటిరోజు నాతో, "అబ్బయా, రాత్రంతా రెప్ప వాల్చలా" అన్నారు. వారం రాశాక తేలిన సగటు ఇది: తొమ్మిదికి పక్క, పదింబావుకు నిద్ర, ఒకటిన్నర నుంచి రెండు ముప్పావు దాకా మెలకువ, ఐదుకు ఆఖరి మెలకువ, ఆరుకు పక్క దిగడం. అంటే పక్క మీద 540 నిమిషాలు, నిద్ర 330 నిమిషాలు. 330ని 540తో భాగించి నూరుతో గుణిస్తే 61 వస్తుంది. దీనిని నిద్ర శాతం అనుకుందాం. రెప్ప వాల్చలేదని ఆయన అబద్ధం చెప్పలేదు. నిద్రలేమి ఉన్నవారికి తాము నిద్రపోయిన సమయం నిజానికంటే తక్కువగా తోచడం మామూలే. ఐదున్నర గంటలు పడుకుంటున్నానని తెలిసిన రోజునే ఆయన బెంగ సగం తగ్గింది.

2. దారిలో ఉన్న ముళ్లు తీయండి

ముందుగా మీరు వాడే మందుల పట్టీ చూడండి. ఒంటి నీరు తగ్గించే మాత్రను రాత్రి వేసుకుంటే మూత్రం కోసం లేవక తప్పదు. స్టెరాయిడ్ మాత్రలు రాత్రి పూట నిద్ర చెడగొడతాయి. వీటిని పొద్దుటికి మార్చవచ్చా అని రాసిన వైద్యుణ్ణే అడగండి, మీరుగా మార్చవద్దు.

కాఫీ, టీలు మధ్యాహ్నం రెండు తరువాత వద్దు. శరీరంలోకి వెళ్ళిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, నాలుగు గంటల కాఫీలో సగం రాత్రి తొమ్మిదికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. నేనే షాపు కట్టేముందు తొమ్మిదికి ఒక స్ట్రాంగ్ కాఫీ తాగి, లెక్కలు చూసి, పదకొండుకు పడుకుని నిద్ర రాలేదని ఏడాదిపాటు ఆశ్చర్యపోయాను. మందులు అమ్మేవాడికి ఈపాటి తెలియదా అని ఇప్పుడు నవ్వు వస్తుంది. సిగరెట్టు, ఖైనీ, జర్దా అన్నీ మేలుకొలిపేవే. పొగాకు పండించే నేల మీద ఉన్నాం కనుక ఈ మాట ఎవరికీ రుచించదు, అయినా చెప్పక తప్పదు. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది గాని, దాని ప్రభావం దిగేసరికి రాత్రి రెండో సగం ముక్కలవుతుంది.

ఇక వేడి. నిద్ర పట్టాలంటే లోపలి ఒంటి వేడి కొంచెం దిగాలి. రోహిణి కార్తెలో అది ఎంత కష్టమో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీటితో స్నానం చేస్తే చర్మం వైపు రక్త ప్రసరణ పెరిగి, తరువాత ఒళ్లు చల్లబడుతుంది. మంచు నీళ్లు అక్కరలేదు. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వంటి పొడి ప్రాంతాలలో ఎయిర్ కూలరు బాగా పనిచేస్తుంది. కొత్తపట్నం, కావలి, నెల్లూరు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తేమ వల్ల అదే కూలరు గదిని జిడ్డుగా మారుస్తుంది కనుక, కిటికీలు తెరిచి ఫ్యాను పెట్టుకోవడమే మేలు. మిద్దె మీద పడుకునేవారు సాయంత్రం ఆరుకే నీళ్లు చల్లండి. పడుకునే ముందు చల్లితే ఆవిరి పైకి లేస్తుంది. దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి.

3. లేచే వేళను కట్టండి

పడుకునే వేళ మన చేతిలో లేదు, లేచే వేళ ఉంది. ఆదివారమైనా, పెళ్లికి వెళ్ళి వచ్చినా, రాత్రి మూడింటికి నిద్ర పట్టినా అదే వేళకు లేవాలి. మీ పనికి తగిన వేళను ఎంచుకోండి. మన ప్రాంతంలో చాలామందికి ఐదు, ఐదున్నర సరిపోతుంది. లేచిన గంటలోపు పదిహేను ఇరవై నిమిషాలు బయటి వెలుతురులో ఉండండి. ఒంటి గడియారానికి తాళం తిప్పేది ఆ వెలుతురే.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, కాని అందరూ చేస్తారు: ఆరు రోజులు కట్టుకుని ఏడో రోజు ఎనిమిది దాకా పడుకోవడం. నేనూ చేశాను. ఆ ఆదివారం రాత్రి ఒంటిగంట దాకా కళ్లు తెరుచుకునే ఉన్నాయి, సోమవారం మళ్ళీ మొదటికి వచ్చింది.

4. పడక గడువును కుదించండి

వైద్యం అంతా ఈ మెట్టులోనే ఉంది, వదిలేసేవారు ఎక్కువగా వదిలేసేదీ ఇక్కడే.

మొదటి మెట్టులో తేలిన సగటు నిద్ర ఎంతో, పక్క మీద అంతసేపే ఉండాలి. ఐదున్నర గంటల కంటే తక్కువ తేలినా ఐదున్నరే ఉంచండి, అంతకు తగ్గించవద్దు. లేచే వేళ నుంచి వెనక్కి లెక్కించండి. హెడ్మాస్టరు గారికి లేచే వేళ ఐదు, నిద్ర ఐదున్నర గంటలు. కనుక ఆయన రాత్రి పదకొండున్నర దాకా పక్క ఎక్కకూడదు. తొమ్మిదికే పడుకునే అలవాటు ఉన్న మనిషికి ఇది చెబితే నావైపు అదోలా చూశారు. "నిద్ర రావట్లేదని నీ దగ్గరికొస్తే నిద్ర పోవద్దంటావేంది?" అన్నారు.

నిజానికి రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా మేలుకుని ఉండడమే మొదటి వారం అసలు పని. టీవీ ముందు వాలు కుర్చీలో కూర్చుంటే సీరియల్ సగంలోనే కునుకు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు రాత్రి నిద్ర ఆకలిలోంచి కోసుకున్నవే. నిటారుగా కూర్చుని చేసే పని పెట్టుకోండి: బట్టలు మడత పెట్టడం, మరునాటి కూర తరుక్కోవడం, పాత ఫోటోలు సర్దుకోవడం, మనవడి పుస్తకాలకు అట్టలు వేయడం. కళ్లు మూతలు పడుతుంటే లేచి వరండాలో నాలుగు అడుగులు వేయండి. పగటి కునుకు పూర్తిగా మానాలి. అసలే ఆగలేనంత మత్తు వస్తే మధ్యాహ్నం మూడుకు ముందు, అలారం పెట్టుకుని, ఇరవై నిమిషాలు మాత్రం.

అరవై ఐదు దాటినవారికి, బలహీనంగా ఉన్నవారికి ఇంత గట్టి కోత అక్కరలేదు. వారానికి అరగంట చొప్పున పక్క సమయం తగ్గించుకుంటూ వెళ్ళినా అక్కడికే చేరతారు. కొంచెం ఆలస్యం అవుతుంది, అంతే. హెడ్మాస్టరు గారు ఆరోగ్యంగా ఉండి, తానే పట్టుబట్టి, తన వైద్యునితో మాట్లాడి నేరుగా దిగారు.

5. నిద్ర రాకపోతే పక్క దిగండి

పక్క ఎక్కాక ఇరవై నిమిషాలు అయి ఉంటుందని తోచినా, మనసులో విసుగు మొదలైనా, వెంటనే లేచి వేరేచోటికి వెళ్ళి కుర్చీలో కూర్చోవాలి. మళ్ళీ కళ్లు బరువెక్కి, చదువుతున్న వాక్యమే రెండోసారి చదువుతున్నప్పుడు తిరిగి వెళ్ళాలి. మళ్ళీ రాకపోతే మళ్ళీ లేవాలి. మొదటి రాత్రి నాలుగైదుసార్లు లేచినా కంగారు పడవద్దు. నెలల తరబడి పక్కను చూస్తేనే ఒళ్లు మేలుకోవడం నేర్చుకుంది. ఆ పాఠాన్ని మరిపించడానికి ఇదే దారి. పక్క మీద తినడం, లెక్కలు చూడడం, గొడవ పడడం, ఫోను చూడడం కూడా ఇదే కారణంగా కూడదు. భార్యాభర్తల సంగతికి మాత్రం ఈ నిషేధం లేదు.

అలసట వేరు, నిద్రమత్తు వేరు. ఒళ్లు నొప్పులతో నీరసంగా ఉండి కళ్లు మాత్రం తేటగా ఉంటే అది అలసట. అప్పుడు పక్క ఎక్కవద్దు. ఆవులింతలు వచ్చి తల తూలుతుంటే అది మత్తు.

ఇల్లంతా ఒకే గది, నలుగురు వరసగా పడుకుంటారు, ఎక్కడికి లేచి వెళ్ళమంటారు అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాప మీద పడుకునేవారు చాప చుట్టి గోడకు ఆనుకుని కూర్చోండి. మళ్ళీ మత్తు వచ్చినప్పుడే పరచండి. మంచం వాడేవారు మంచం పక్కన కుర్చీ వేసుకోండి, లేదా తల పెట్టే వైపు మార్చి కాళ్ల వైపు కూర్చోండి. అరుగు ఉంటే ఇంకా మంచిది, దోమలకు ఒక దుప్పటి కప్పుకోండి. ఏం చేయాలంటే, ఆసక్తి మరీ రేపనిది ఏదైనా: పాత వారపత్రిక, పంచాంగం, రామకోటి రాయడం. వెలుతురు తక్కువగా ఉండాలి. వృద్ధులు లేచే దారిలో చెంబులు, వైర్లు, తడి లేకుండా ముందే చూసుకోండి. రాత్రి పూట జారిపడి తుంటి విరగడం నిద్రలేమి కంటే పెద్ద ఆపద.

6. బెంగలకు సాయంత్రమే వేళ పెట్టండి

రాత్రి పక్క మీద వచ్చే ఆలోచనలు చాలావరకు పగలు వాయిదా వేసినవే. సాయంత్రం ఏడు ప్రాంతంలో పావుగంట కూర్చుని, నోటు పుస్తకం వెనక పేజీలో ఎడమవైపు బెంగ, కుడివైపు రేపు దాని గురించి చేయగలిగిన ఒక చిన్న పని రాయండి. "రొయ్య ఎదుగుదల ఆగిపోయింది" అన్నది ఎడమవైపు. "పొద్దున మేత ట్రేలు చూసి టెక్నీషియనుకు ఫోన్ చేయాలి" అన్నది కుడివైపు. చేయగలిగింది ఏమీ లేకపోతే గీత గీసి వదలండి. రాత్రి అదే ఆలోచన వస్తే అది పుస్తకంలో ఉందని మీకు మీరే చెప్పుకోవచ్చు.

పక్క ఎక్కే ముందు పది నిమిషాలు, పాదాల నుంచి ముఖం దాకా ఒక్కొక్క కండరాన్ని ఐదు సెకన్లు బిగించి, పది పదిహేను సెకన్లు వదిలేయండి. శవాసనం అలవాటున్నవారు అది చేసినా సరే. అయితే ఇది నిద్ర తెప్పించే మంత్రమని చేయకండి. వచ్చిందా, వచ్చిందా అని చూస్తూ చేస్తే రాదు.

7. వారానికొకసారి లెక్క తీయండి

ప్రతి వారం చివర నిద్ర శాతం వేయండి. 90 లేదా ఆపైన ఉంటే పదిహేను నిమిషాలు ముందు పడుకోవచ్చు. 85కూ 90కీ మధ్య ఉంటే అలాగే కొనసాగించండి. 85కు తగ్గితే పదిహేను నిమిషాలు కోయండి, కాని ఐదున్నర గంటల గీత దాటవద్దు. మార్పు ఎప్పుడూ పడుకునే వేళలోనే, లేచే వేళలో కాదు.

హెడ్మాస్టరు గారి పుస్తకంలో పడక గడువు పెట్టిన మొదటి వారం 330 నిమిషాలకు 290 నిద్ర, అంటే 88 శాతం. నిద్ర మొదటికంటే తగ్గింది! ఇక్కడే ఆయన మానేయబోయారు. కాని రాత్రి మధ్యలో గంటంబావు మెలకువ పోయి, ముక్కలు కాని నిద్ర వచ్చిందని పట్టీలో కనిపిస్తూనే ఉంది. రెండో వారం 305, అంటే 92 శాతం, పదకొండుంబావుకు మార్చారు. మూడో వారం 345కు 320, దాదాపు 93, పదకొండుకు వచ్చారు. ఐదో వారానికి పది ముప్పావుకు పడుకుని, 375 నిమిషాలలో 350 నిద్రపోతున్నారు. ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. ఎనిమిది గంటలు కాలేదని ఆయనకు చింత లేదు, ఎందుకంటే పగలు జోగడం పోయింది.

ఫలితాన్ని కొలవవలసింది కూడా అలాగే. పక్క ఎక్కిన అరగంటలోపు నిద్ర పడుతోందా, మధ్యలో మెలకువ మొత్తం అరగంట దాటకుండా ఉందా, పగలు పని సాగుతోందా అని చూడండి. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచీ చూపించే గాఢ నిద్ర లెక్కలను పట్టించుకోకండి. అవి అంచనాలే, వాటిని చూసి కొత్త బెంగ పెట్టుకున్నవారు మా షాపుకు వస్తూనే ఉన్నారు.

రాత్రి పని ఉన్నవారికి

రొయ్యల చెరువుల దగ్గర, ఓడరేవులో, పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర ఉండేవారికి పై పద్ధతి యథాతథంగా కుదరదు. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువకు పడిపోతుంది కనుక నీటిలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే ఎవరో ఒకరు లేవాల్సిందే. ఇద్దరున్నచోట ఇద్దరూ రాత్రంతా అరకొరగా నిద్రపోవడం కంటే, రెండు దాకా ఒకరు, ఆ తరువాత ఒకరు అని పంచుకుంటే ఒక్కొక్కరికీ కొన్ని గంటలు ముక్కలు కాని నిద్ర దక్కుతుంది. పొగాకు ఆకు కాలుస్తున్న వారం రోజులు బ్యారన్ వేడి చూస్తూ ఉండాలి కనుక ఆ రోజులలో ఈ సాధన మొదలుపెట్టవద్దు, సీజను అయ్యాక పెట్టుకోండి. కృష్ణపట్నంలో నైట్ షిఫ్టు చేసి పొద్దున ఇంటికి వచ్చేవారు దారిలో నల్లద్దాలు పెట్టుకుని, కిటికీలకు మందపు గుడ్డ కట్టి, వచ్చిన వెంటనే పడుకోవాలి. షిఫ్టుకు వెళ్ళేముందు గంటన్నర కునుకు తీస్తే మంచిదే. అయితే బండి నడిపి వచ్చేటప్పుడు మత్తుగా ఉంటే బండి ఆపి టీ తాగండి. కాఫీ, టీల నిషేధం కంటే ప్రాణం ముఖ్యం.

ఇప్పటికే మాత్ర వాడుతున్నవారికి

ఒక్కసారిగా మానవద్దు. నెలల తరబడి ఆల్ప్రజోలం వాడి హఠాత్తుగా ఆపితే నిద్ర మునుపటికంటే చెడడమే కాక, వణుకు, కొందరిలో ఫిట్సు కూడా రావచ్చు. రాసిన వైద్యుడే వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈలోపు మెట్లు పాటిస్తూ ఉంటే తగ్గించడం తేలికవుతుంది. చీటీ దొరకనివారు జలుబు మాత్రలు, దగ్గు సిరప్పులు మత్తు కోసం తాగుతున్నారు. అలాంటి కొన్ని మందుల వల్ల వృద్ధులలో మతి తప్పినట్టు మాట్లాడడం, ప్రోస్టేటు గ్రంథి పెరిగిన మగవారిలో మూత్రం బిగుసుకుపోవడం జరుగుతుంది. పొరుగింటివారి మాత్ర అరువు తెచ్చుకోవడం కూడా ఇదే కోవలోది.

ఆరు వారాలు నిజాయితీగా చేసినా 85 దాటకపోతే ఆ నోటు పుస్తకం పట్టుకుని వైద్యుని దగ్గరికి వెళ్ళండి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రులలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడవలసిన పని లేదు. రాసిన పట్టీ చూపిస్తే "ఎన్నాళ్ల నుంచి, ఎంతసేపు" అన్న ప్రశ్నలకు పది నిమిషాలు ఆదా అవుతాయి.

బాగుపడిన తరువాత కూడా చెడు రాత్రులు వస్తాయి. రొట్టెల పండుగకు బంధువులు దిగినప్పుడో, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడో రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతుంది. ఆ మరునాడు తొందరగా పడుకుని వడ్డీతో సహా వసూలు చేయాలని చూడకండి. లేచే వేళను మాత్రం వదలకండి. వారం దాటినా సర్దుకోకపోతే నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, మళ్ళీ ఆ ఆరు అంకెలతో మొదలుపెట్టండి.